పాతబస్తీలో వారం మారదు

ముందుగా నా అభ్యంతరాన్ని నమోదు చేస్తున్నాను. ప్రయాణ విశేషాలు ఆ తరువాత.

వారానికి ఒక పాఠం అని నిర్ణయించుకున్నాక, వారం గడవగానే పాఠం మారాలి. మోషే ధర్మశాస్త్రమైన తోరాను యూదులు యాభై నాలుగు భాగాలు చేసుకొని, వారం వారం చదువుతూ ఏడాదిలో ముగిస్తారు. ఆ వారపు భాగాన్ని పరాషా అంటారు. మేము క్రైస్తవులమే అయినా, రేపల్లెలో మా ఇంటి వరండాలో ఎనిమిది మందిమి తొమ్మిదేళ్ళుగా ఈ క్రమాన్ని పాటిస్తున్నాం. ప్రతి భాగంలోనూ నాలుగైదు హెబ్రీ మాటలు నేర్చుకొని, అందులో మెస్సీయ జాడ ఎక్కడున్నదో వెతుకుతాం. హాజరు, చర్చ, సందేహాలు నేను రిజిస్టరులో రాస్తాను. కాలువ లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్ళు, రోజుకు నాలుగుసార్లు నీటిమట్టం చూసి రాసిన చేయి ఇది. రాయనిది జరిగినట్లు లెక్క కాదని ఆ ఉద్యోగం నాకు నేర్పింది.

ఈ వేసవి చివర మా వరండా రెండు ముక్కలైంది. కారణం చెబుతాను. వారాల పండుగను ఇశ్రాయేలు దేశంలో ఒక్కరోజు చేస్తారు, బయటి దేశాలలో రెండు రోజులు చేస్తారు. ఆ రెండో రోజు శనివారమైన ఏట, బయటివాళ్ళకు ఆ వారపు పరాషా ఆగిపోతుంది. దేశంలోనివాళ్ళు మాత్రం ఒక భాగం ముందుకు వెళ్ళిపోతారు. కొన్ని వారాల తరువాత బయటివాళ్ళు ఒకేసారి రెండు భాగాలు చదివి వాళ్ళను అందుకుంటారు. సరిగ్గా ఆ శనివారమే నా నలభై ఏళ్ళ స్నేహితుడు, దర్జీ రాజారత్నం, తన ఫోనులోని యెరూషలేము క్యాలెండరు చూసి నాసో అనే భాగం తెరిచాడు. ఈ వారం ఆగాలన్నాను. రేపల్లె ఇశ్రాయేలు దేశంలో లేదు. దీన్ని ఎవరైనా పటం చూసి సరిచూసుకోవచ్చు.

"మెస్సీయ దిగేది యెరూషలేములో. మన గడియారం కూడా అక్కడిదే కావాలి," అన్నాడు ఆయన.

"రాజారత్నం గారు క్రమము తప్పిరి" అని రిజిస్టరులో రాశాను. ఆయన అది చదివి, గ్రంథం మూసి, వెళ్ళిపోయాడు. ఆయన వెంట ఇద్దరు వెళ్ళారు. తరువాతి రెండు శనివారాలు కూడా ఆయన గడప తొక్కలేదు. నేనూ పిలవలేదు.

మా రెండు పక్షాలూ నమ్మే మనిషి ఒక్కడే ఉన్నాడు. మేము చదివే పాఠపత్రాలు రాసి పంపేది హైదరాబాదు పాతబస్తీలోని శాంతయ్య గారు. ఏ క్యాలెండరు సరైనదో ఆయన చేత సంతకంతో రాయించుకొని వచ్చి, రాజారత్నం ముందు చదివితే, అతడు తిరిగి వస్తాడు, లేదా పూర్తిగా పోతాడు. ఏదైనా తేలాలి. ఇంకో రెండు వారాలలో రెండు క్యాలెండర్లూ ఎలాగూ కలుస్తాయి, అంతవరకు ఊరుకోమని ఇంట్లో సలహా ఇచ్చారు. తప్పు దానంతట అది కనబడకుండా పోతే దిద్దినట్లు కాదని చెప్పి బయలుదేరాను.

పురానాపూల్

రైలు సంగతులు రాయను, వాటిలో కొత్త లేదు. మూసీ మీది పాత వంతెన దగ్గర ఆటో దిగాను. ఆ వంతెన మీద కూరగాయలు అమ్ముతారు. శతాబ్దాల నాటి రాతి కమానుల మీద టమాటా గుట్టలు, కింద నది అని పిలవబడుతున్న నల్లటి నురగ. నీటిని కొలిచి బతికినవాణ్ణి నేను. ఆ నీటిలోకి కొలబద్ద దించడానికి నాకు చేయి రాదు. దాని మీదా కోపం వచ్చింది గాని, వచ్చిన పని వేరు.

కొత్తిమీర అమ్ముతున్న ఒకామెను శాంతయ్య గారి ఇల్లు అడిగాను.

"ఏ శాంతయ్య? సైకిల్ శాంతయ్యనా, కుడి నుంచి చదివే శాంతయ్యనా?"

"కుడి నుంచి చదివే ఆయనే."

"గా మందుల దుకాణం పక్క సందుల పోయి, పచ్చ తలుపు మెట్లు ఎక్కున్రి. కొత్తిమీర తీస్కపోండ్రి పెద్దాయనా, ఖాళీ చేతులతోని పోతరా?"

కట్ట పదిహేను రూపాయలంది. మా ఊరి బజారులో వంకాయలు కొంటే కొత్తిమీర కొసరుగా వేస్తారని చెప్పాను. "గట్లయితే వంకాయలు మీ ఊర్లనే కొనుక్కోండ్రి," అంది. కొన్నాను.

శాంతయ్య గారిది మేడ మీద రెండు గదుల ఇల్లు. మనిషి సన్నగా, నాకన్నా నాలుగేళ్ళు చిన్నగా ఉన్నాడు. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చిన కంపోజిటరు. హెబ్రీ ఎవరు నేర్పారని అడిగాను.

"సగం ఈ గల్లీ నేర్పింది అన్నా. చిన్నప్పటి సంది ఉర్దూ బోర్డులు చూసుకుంట పెరిగినోణ్ణి, కుడి నుంచి చదువుడు కొత్త గాదు. సీసం అక్షరం కూడా ఉల్టానే ఉంటది గదా. మిగిలిన సగం పుస్తకం నేర్పింది."

గోడకు ఒక నల్లపలక, దాని మీద సుద్దతో షెలాఖ్ అని ఉంది. నా గుండె కుదుటపడింది. ఆ వారం నా క్యాలెండరులో ఉన్నది షెలాఖే. రాజారత్నం క్యాలెండరులో కోరహు, అంటే మోషే మీద తిరగబడి భూమి మింగిన మనిషి కథ. ఆయనకు తగిన భాగమేనని రైల్లో రిజిస్టరులో రాయబోయి మానుకున్నాను. ఇప్పుడు సగం గెలిచాననుకొని, సంతకం ప్రస్తావన తెచ్చే ముందు మాటవరసకు అన్నాను: "మీరూ బయటిదేశాల క్రమమే పాటిస్తున్నారన్నమాట."

"ఏ క్రమం అన్నా? గది మూడు వారాల సంది అట్లనే ఉన్నది."

నాకు అర్థం కాలేదు. ఆయన టీ వడగట్టుకుంటూ, వర్షం పడేట్లుందని చెప్పినంత తేలికగా చెప్పాడు. ఈ గుంపులో పదకొండు మంది. ఒకరిది రాత్రి డ్యూటీ, ఒకరిది పొద్దటి డ్యూటీ, ఒకరికి ఆరోగ్యం బాగుండదు. శనివారం సాయంత్రం పాఠం చదువుతారు. రానివాళ్ళు ఉంటే పాఠాన్ని వాళ్ళ ఇంటికి తీసుకొనిపోయి చదువుతారు. ఆఖరి మనిషి వినేదాకా పలక తుడవరు.

"అలాగైతే ఏడాదిలో ఎప్పుడు ముగుస్తుంది?"

"ముగియది. కిందటి తాప మూడేండ్లు వట్టింది."

"మీ పత్రాలు చూసి మేము వారం తప్పకుండా చదువుతున్నామే."

"పత్రం మీద తేది నేను ఎయ్యలే గదా అన్నా."

ఇది అరాచకం. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. ప్రపంచమంతా ఒకే శనివారం ఒకే భాగం చదవాలన్న నియమానికి అర్థమేమిటని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. "ప్రపంచం సంగతి నాకెరుక లేదు. మా మల్లేశ్ ఇంకా ఇనలే," అన్నాడు.

శనివారం సాయంత్రం పాఠానికి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది. ఇక్కడ ఆడవాళ్ళు ముందు చదువుతారు, మా దగ్గర పెద్దవాళ్ళు ముందు చదువుతారు. బోధన మాత్రం బాగున్నదని నిజాయితీగా రాయాలి. దేశాన్ని చూసి రమ్మని మోషే పన్నెండు మందిని పంపడం, వాళ్ళు నలభై రోజులు తిరిగి రావడం, పదిమంది భయపెట్టే వార్త తేవడం ఈ భాగంలోని కథ. వెళ్ళేవారిలో హోషేయ అనేవానికి మోషే పేరు మార్చి యెహోషువ అంటాడు. శాంతయ్య గారు పాత పెళ్ళిపత్రిక వెనుక రెండు పేర్లూ రాసి, కొత్త పేరులో ముందు చేరిన చిన్న అక్షరం యోద్ను వేలితో చూపించారు. "దేశంలకు జనాన్ని తోల్కపోయేటోనికి ముందుగాలనే ఈ పేరు వెట్టిండు. మెస్సీయ పేరు కూడా గదే పేరు," అన్నారు. రిజిస్టరులో రాసుకున్నాను. కోపం వేరు, నమోదు వేరు.

కార్వాన్

ఆదివారం మధ్యాహ్నం నలుగురం కార్వాన్‌కు నడిచాం. ఒకప్పుడు దూరదేశాల బిడారులు దిగిన చోటు. ఇప్పుడు దిగేవి లారీలు. ఇక్కడ హమాలీ పనిచేసే మల్లేశ్‌కు నడుము పట్టేసి మేడ మెట్లు ఎక్కలేకపోతున్నాడట. మొదట్లో ఇంటి దగ్గర వినే ఓపిక కూడా లేదట. అందుకే మూడు వారాలు.

దారిలో నాకొక అవాంతరం జరిగింది. ఒక పాత రాతి కమానును చూసి, ఆగి, దాని వెడల్పు అడుగులతో కొలిచి రిజిస్టరులో రాసుకుంటున్నాను. తల ఎత్తేసరికి నా చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు.

"సార్, రోడ్డు వెడల్పుకా? మా ఇల్లు పోతదా సార్?"

"కిత్నా ఫీట్ జాయేగా, సాబ్? సచ్ బోలో." ఎన్ని అడుగులు పోతాయో నిజం చెప్పమంటున్నాడు.

"గీ గోడ మా తాత కట్టించింది. కాగితాలున్నయి. తెస్త, ఉండున్రి, పోకున్రి."

నేను ఏ ఆఫీసు మనిషినీ కానని ఎంత చెప్పినా వినలేదు. ఒకామె నిజంగానే కాగితాల సంచి తెచ్చి నా చేతిలో పెట్టబోయింది. మనిషి పుస్తకం పట్టుకొని నిలబడితేనే ఇల్లు పోతుందని భయపడేలా ఈ జనాన్ని ఎవరు చేశారో వారికి సిగ్గుండాలి. శాంతయ్య గారు వచ్చి, "మా సుట్టం, ఊరు నుంచి వచ్చిండు, రాసుకునుడు ఆయనకు బీమారి," అని చెప్పి నన్ను విడిపించారు. ఆ తరువాత ఆయన నవ్వు ఆపుకోలేదు. "వేగులవాళ్ళ పాఠం ఇందామని వచ్చి నువ్వే వేగులవానివైతివి."

మల్లేశ్ యాభై దాటిన మనిషి, మెడ పొట్టి, భుజాలు వెడల్పు. క్రైస్తవుడు కాడు. మంచం పైన గోడకు ఎల్లమ్మ పటం ఉంది. మరి ఈ పాఠం ఎందుకని అడిగాను. "కథ మంచిగుంటది సార్. మా బాపు మధ్యల ఆపడు," అన్నాడు, శాంతయ్య గారిని చూపిస్తూ. మల్లేశ్ భార్య జొన్న రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు చారు అంటే కాచవలసిందే. వీళ్ళు చింతపండు రసంలో ఉల్లిపాయలు, నేను తెచ్చిన కొత్తిమీర వేసి కాచకుండానే పోశారు. ఎండకు అదే నయమనిపించింది.

పాఠం మళ్ళీ మొదటి నుంచి చదివారు. వేగులవాళ్ళు ద్రాక్షగెల కోసి, ఒక్క గెలను ఇద్దరు కర్రకు వేలాడదీసి మోసుకొచ్చే చోటికి వచ్చాం. ఆ కర్రను హెబ్రీలో మోట్ అంటారు. కర్రకు వేలాడిన గెల మెస్సీయకు గుర్తు, ముందు నడిచినవాడు గెలను చూడలేని ప్రవక్త, వెనుక నడిచినవాడు చూడగలిగిన శిష్యుడు అని శాంతయ్య గారు వివరించారు. మా వరండా విషయంలో గెలను చూస్తూ నడిచేది నేనని నాకు అప్పటికే అనిపించింది. దాన్ని ఆధారం చేసుకొని మాట కలిపాను.

"ఇద్దరు మోసేటప్పుడు అడుగులో అడుగు పడాలి కదా. ఒకడు ముందు, ఒకడు వెనక పడితే గెల నేల మీద ఉంటుంది," అన్నాను.

మంచం మీదినుంచి మల్లేశ్ నవ్వాడు. "సార్ ఎన్నడన్న కర్రకు బరువు మోసిన్రా?"

"లేదు."

"ఇద్దరు ఒక్క కాలే ఎయ్యొద్దు సార్. ముందటోడు ఎడమ కాలేస్తే ఎనుకటోడు కుడి కాలెయ్యాలె. ఇద్దరిది ఒక్కటే అడుగైతే బరువు ఉయ్యాల లెక్క ఊగుతది, ఇద్దర్ని పడేస్తది. మా దాంట్ల కొత్తగ వచ్చినోనికి ముందుగాల నేర్పేది గదే."

"అది బస్తాల సంగతి," అన్నాను.

"గెల మాత్రం బరువు గాదా సార్?"

అందరూ నవ్వారు. శాంతయ్య గారు నవ్వలేదు. ఆయన తన పత్రం అంచున పెన్సిలుతో ఏదో రాసుకున్నారు. నాకది మరింత కష్టంగా తోచింది. నాలుగు వాక్యాలలో మల్లేశ్ చెప్పినది నేనూ రాసుకున్నాను, పక్కన "పాఠంలో లేదు" అని చేర్చాను.

ఫలక్‌నుమా

సోమవారం ఆఖరి మనిషి కోసం ఫలక్‌నుమా వెళ్ళాం. మరియమ్మ రోడ్లు ఊడ్చే పని చేస్తుంది. చీకటితో లేచి చీపురు పడుతుంది, శనివారం సాయంత్రం ఇంకోచోట పాచిపని. ఇల్లు ఒక్కటే గది, కింద ఇనుము చెక్కే లేతు మిషను కారఖానా. రైలు వచ్చినప్పుడు ఒక రకం, మిషను తిరిగినప్పుడు ఇంకొక రకం అదురు. ఈ కాస్త చోటుకు ఆమె చెప్పిన అద్దె మా రేపల్లె అద్దెకు రెండింతలు.

శాంతయ్య గారు మూడోసారి అదే పాఠం మొదలుపెట్టారు. నాకు సగం కంఠతా వచ్చేసింది. పేర్ల జాబితా దగ్గరే మరియమ్మ గోడకు చేరగిలబడి నిద్రపోయింది. శాంతయ్య గారు చదవడం ఆపి, వేలు ఆ వాక్యం మీదే ఉంచి, కూర్చున్నారు.

నేను గడియారం చూశాను. పది నిమిషాలు. ఇరవై. లేపమని సైగ చేస్తే ఆయన తల అడ్డంగా తిప్పారు. నా కోపాన్ని దాచడం లేదు. దూరం నుంచి వచ్చిన పెద్దమనిషిని, నిద్రపోయిన ఒకరి కోసం, అదిరే నేల మీద నలభై ఐదు నిమిషాలు నోరు మూసుకొని కూర్చోబెట్టడం ఏ మర్యాద? ఈ వాక్యం అక్కడ కూర్చొనే రాశాను.

మరియమ్మ కళ్ళు తెరిచి, సిగ్గుపడకుండా, "యాడి దాంక అయింది బాపు?" అని అడిగింది.

"పేర్ల కాడ," అని ఆయన వేలు ఉన్నచోటి నుంచి చదివారు.

పాఠం పూర్తయ్యాక నేనిక ఆగలేదు. రెండు క్యాలెండర్ల కథ, రాజారత్నం సంగతి, రిజిస్టరులో నా వాక్యం, అన్నీ తేదీలతో చెప్పి, కాగితం ముందు పెట్టాను. బయటిదేశాల క్రమమే సరైనదని ఒక్క ముక్క రాసి సంతకం చేయమన్నాను.

శాంతయ్య గారు కాగితం వైపు చూడలేదు. మరియమ్మే మాట్లాడింది.

"గాయన మూడు వారాల సంది ఒక్కడే చదువుకుంటుండా సార్?"

"ఆయనతో ఇద్దరు వెళ్ళారు. వాళ్ళు చదువుతున్నారో లేదో తెలియదు."

"తెల్వదా? ఒక్కూర్లనే ఉంటరు గదా. పోయి చూడలే?"

"ఆయనే మానేశాడమ్మా. నేనెందుకు వెళ్ళాలి?"

"నేను పండుకున్న గదా ఇప్పుడు," అంది ఆమె. లేచి నీళ్ళు తేవడానికి వెళ్ళింది.

"సంతకం నేను చెయ్య, అన్నా," అన్నారు శాంతయ్య గారు. "ఎందుకంటే ఆ రెండు క్యాలెండర్లు యూదులవి. రెండు కరెక్టే. మా కాడ నడిచేది నాకెరుక గంతే. గా లెక్కల చూస్తే మీ ఊర్ల ఇంకా నాసోనే నడుస్తున్నది. నీ దోస్తు గడప దిగిన రోజే మీ పలక ఆగింది."

"నాసో చదివి వారాలైంది. రిజిస్టరులో ఉంది."

"నువ్వు చదివినవ్. ఆయన నీ దగ్గర ఇన్నడా?"

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది. క్రమం తప్పినవాడి కోసం క్రమం ఆగితే, ఇక క్రమమనేది ఉండదు. ఆ జవాబు సరైనదేనని ఇప్పటికీ అంటాను. అది చెప్పబోయేంతలో మరియమ్మ నీళ్ళ చెంబుతో వచ్చి, "ఇగ పలక తుడువు బాపు, నాది అయిపోయింది," అంది. ఆయన లేచారు. సంతకం లేని కాగితంతో నేనూ లేచాను.

రేపల్లె

బుధవారం ఉదయం ఇంటికి వెళ్ళే దారిలో రాజారత్నం ఇంటి ముందు ఆగాను. ఆయన మిషను ముందు కూర్చొని బడిపిల్లల చొక్కాలకు కాజాలు తీస్తున్నాడు. నన్ను చూశాడు, దారం తెంపాడు, లేవలేదు.

"హైదరాబాదు వెళ్ళావటగా. నా మీద తీర్పు తెచ్చావా?"

"లేదు. ఆయన రాయనన్నాడు."

"మరి ఎందుకొచ్చావు?"

"నాసో చదవడానికి."

"నాసోనా," అని ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. "ఈ వారం నా లెక్కలో హుక్కత్. నీ లెక్కలో కోరహు. నాసో ఎవడి లెక్కలో ఉంది?"

పాతబస్తీ పద్ధతి అంతా చెప్పాను. అది ఎంత అస్తవ్యస్తమో, దానివల్ల ఏడాది పాఠం మూడేళ్ళు ఎలా పట్టిందో, అదిరే నేల మీద నన్ను ఎంతసేపు కూర్చోబెట్టారో, ఏదీ దాచకుండా చెప్పాను. ఆ పద్ధతిని నేను ఒప్పుకోవడం లేదని కూడా స్పష్టంగా చెప్పాను. ఆయన చివరివరకూ విన్నాడు.

"నువ్వు మానేసినప్పటి నుంచీ మన పాఠం ఆగిపోయిందట," అన్నాను.

"నేను మానలేదు," అన్నాడు ఆయన. "నువ్వు ఆగలేదు."

 ఆయన మిషను మీద గుడ్డ కప్పి, కుర్చీ వెనక్కి జరిపి లేచాడు.

"లోపలికి రా. కానీ ముందే చెబుతున్నా, సరైనది యెరూషలేము క్యాలెండరే."

"కాదు," అన్నాను, చెప్పులు విప్పుతూ.